పద్నాలుగో వరస

విచిటాలో సముద్రం లేదు.
ఎటు నడిచినా గోధుమ కోసిన మొదళ్లు, దుమ్ము గాలి.
నది ఉంది గానీ ఆగస్టులో
దాని ఒళ్లంతా ఇసుక మేటలే.
మేం మాత్రం రోజుకి మూడుసార్లు
ఒక విమానాన్ని సముద్రంలో దించుతాం.

మా సముద్రం రెండు కోట్ల చుక్కలు.
ఒక్కో చుక్కకీ ఒక నంబరు, ఒక వేగం,
పక్క చుక్కకి ఎంత ఎడంగా మసలుకోవాలో ఒక కట్టుబాటు.
చేప లేదు, నాచు లేదు.
ఉప్పంటే సాంద్రతలో చిన్న సవరణ.
సాయంత్రం రన్ మొదలుపెట్టి ఇంటికెళ్తే
ఎనిమిది సెకన్ల అల
తెల్లవార్లూ విరుగుతూనే ఉంటుంది.

నీళ్లు మెత్తన అనుకుంటాం.
దిగుడుబావిలోకి మొదటిసారి దూకి
పొట్ట మీద పడ్డవాళ్లని అడగండి.
గంటకి రెండొందల నలభై కిలోమీటర్ల దగ్గర
నీళ్లకి తప్పుకునే తీరిక ఉండదు.

ముందు తోక తాకుతుంది.
తాకిన చోట నీళ్లు కొట్టవు, లాగుతాయి,
చీర కుచ్చెళ్లు పట్టుకుని వదలని పిల్లలా.
ముక్కు పైకి లేస్తుంది.
ఒక్క క్షణం
మళ్లీ ఎగురుతుందేమో అనిపిస్తుంది.
ఎన్నిసార్లు చూసినా అనిపిస్తుంది.
తర్వాత బోర్లా.

గురువారాలు మెర్ల్ అన్రూ వస్తాడు.
ఎనభై ఒకటి. కంప్యూటర్లు లేనప్పుడు
బాల్సా చెక్కతో విమానాలు చెక్కి
చెరువంత తొట్టిలోకి విసిరినవాడు.
పొట్ట కింద మాత్రం చాక్లెట్ కాగితమంత పల్చటి రేకు.
"అసలుది ఎంత దెబ్బకి చిరుగుతుందో
ఇదీ అంత దెబ్బకే చిరగాలి.
గట్టిగా చేశావా, బొమ్మ అబద్ధమాడుతుంది."
చెబుతూ బొటనవేలితో గాల్లోనే రేకు నొక్కుతాడు.

నా తెర మీద సీట్లు చూసి అడిగాడు,
ఈ నూట అరవై రెండు చుక్కలేమిటని.
మనుషులన్నాను.
సంచీతో కలిపి తలా ఎనభై ఎనిమిది కిలోలు.
కాసేపు కాఫీ ఊదుకున్నాడు.
"ఒళ్లో పిల్లలో?"

ఒళ్లో పిల్లలకి సీటు లేదు,
సీటు లేనిదానికి నా ఫైల్లో బరువు లేదు.

ఆయన వెళ్లాక
పద్నాలుగో వరస, సి సీటు,
ఎనభై ఎనిమిది చెరిపి తొంభై ఏడు కొట్టాను.
తొమ్మిది కిలోలు. కూచోవడం వచ్చి
నిలబడడం రాని ఈడు.
రాత్రంతా రన్ నడిచింది.
వాలు కోణంలో నాలుగో దశాంశ స్థానం
ఒక్క అంకె జరిగింది.
అంతే. రేకు చిరిగిన చోటే చిరిగింది,
నీళ్లు వచ్చిన దారినే వచ్చాయి.

సమీక్షలో మా మేనేజర్ ట్రేసీ ష్రాగ్
ఆ గడి దగ్గర కర్సర్ ఆపింది.
"ఈ తొంభై ఏడేమిటి?"
ఎక్కువ బరువు మనిషన్నాను.
సంతకం పెట్టే ముందు మళ్లీ ఒకసారి
పైకి జరిపి చూసింది గానీ
తీసెయ్యమనలేదు.
ఆ తర్వాత అరవై రన్లు అయ్యాయి.
ఎవరూ దిగలేదు, ఎవరూ ఎక్కలేదు.
పద్నాలుగు సి అలాగే ఉంది.

నిన్న మెర్ల్ నన్ను నది దగ్గరికి తీసుకెళ్లాడు.
మేటల మధ్య మోకాలి లోతు పాయ ఒకటి
నిలకడగా ఉంది.
చపటా రాయి ఏరుకుని, ఇసక తుడిచి,
వెనక అంచు కొంచెం కిందికి వచ్చేలా
వేళ్ల మధ్య సర్దుకున్నాడు.
కప్పగంతులంటాం మేం, అని చెప్పాను.
ఆ మాట రెండుసార్లు నోట్లో తిప్పుకుని విసిరాడు.

ఒకటి. రెండు. మూడు నాలుగు.
ఐదు.
ఆరోది ఎక్కడ పడాలో
ఇద్దరం ముందే అక్కడికి చూశాం.